ఉత్తరాంధ్ర గ్రామీణ బాలలలో అడవి తిండిమొక్కల పరిజ్ఞానం

ఎవరూ విత్తకుండా, సాగు చేయకుండా పెరిగే మొక్కలలో ఏవి తినదగినవి, వాటిలో ఏ భాగాన్ని ఏ కాలంలో ఎలా తినాలి, వేటి జోలికి పోకూడదు అన్న విషయాల్లో పల్లె పిల్లలకు ఉండే తెలివిడిని అడవి తిండిమొక్కల పరిజ్ఞానం అంటారు. ఇది మానవ వృక్షశాస్త్రంలో ఒక అధ్యయనాంశం. ఈ వ్యాసం విశాఖపట్నం ఓడరేవు నగరం, దాని చుట్టూ ఉన్న మైదాన గ్రామాలు, పడమట ఉన్న తూర్పు కనుమల మన్యం ప్రాంతం ఆధారంగా ఈ పరిజ్ఞానం స్వరూపాన్ని, చరిత్రను, అది పిల్లలకు అబ్బే తీరును, దానిలో వస్తున్న మార్పులను వివరిస్తుంది.

నిర్వచనం, పరిధి

ఈ పరిజ్ఞానంలో ఐదు అంశాలు ఉంటాయి. మొదటిది గుర్తింపు: ఆకు, కాయ, ముల్లు, పాలు, వాసనలను బట్టి మొక్కను పోల్చుకోవడం. రెండవది ఉనికి: ఏ గట్టున, ఏ వాగు ఒడ్డున, ఏ కొండవాలులో అది దొరుకుతుందో తెలియడం. మూడవది అదను: పచ్చికాయ, దోరకాయ, పండు అనే దశలలో దేన్ని ఎప్పుడు కోయాలో తెలియడం. నాలుగవది సిద్ధపరచడం: పచ్చిగా తినేవి, కాల్చుకునేవి, ఉడికించి నీరు పారబోయాల్సినవి వేరు చేయడం. ఐదవది నిషేధం: విషపు మొక్కలను గుర్తుపట్టి దూరంగా ఉండటం.

‘అడవి మొక్క’ అన్న మాటకు ఇక్కడ విస్తృతమైన అర్థం ఉంది. దట్టమైన అడవిలోని తీగలు, దుంపలతోపాటు పొలంగట్ల మీది కలుపు ఆకుకూరలు, చెరువులోని కలువలు, ఊరి పొలిమేరలోని ఈత, తాటి చెట్లు కూడా ఇందులోకి వస్తాయి. తాటి, చింత, సీతాఫలం వంటివి కొంత పెంపకంలోనూ కొంత స్వేచ్ఛగానూ పెరుగుతాయి కనుక వాటిని మధ్యస్థ వర్గంగా లెక్కిస్తారు. పుట్టగొడుగులు శాస్త్రీయంగా మొక్కలు కావు. అయితే పిల్లలు వాటినీ ఇతర ఏరుకునే తిండితో కలిపే నేర్చుకుంటారు.

భౌగోళిక నేపథ్యం

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో పూర్వపు విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లా ఏర్పడింది. పాడేరు మన్యం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. తిండిమొక్కల దృష్ట్యా ఈ మొత్తం ప్రాంతాన్ని మూడు మండలాలుగా చూడవచ్చు.

మన్యం మండలంలో పాడేరు, అరకులోయ, చింతపల్లి, హుకుంపేట, అనంతగిరి తదితర ప్రాంతాలు ఉన్నాయి. అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఈ కనుమల్లోని కొన్ని శిఖరాలు 1,600 మీటర్లు దాటుతాయి. బగత, వాల్మీకి, కొండదొర, కోటియ, ఖోండు, పోర్జ, గదబ, నూకదొర వంటి తెగలవారు ఇక్కడ నివసిస్తారు. తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా, కువి, పోర్జ, గదబ భాషలు వినిపిస్తాయి. ఒకే మొక్కకు పక్కపక్క గూడేల్లోనే వేర్వేరు పేర్లు ఉండటం సాధారణం.

మైదాన మండలంలో చెరువులు, మెట్ట పొలాలు, విడిగా నిలిచిన కొండలు ఉన్నాయి. తీర మండలం భీమిలి నుంచి దక్షిణంగా సాగుతుంది. ఇక్కడ ఎర్రమట్టి దిబ్బలు, తాటితోపులు, జీడిమామిడి తోటలు, ఉప్పునీటి కయ్యలు కనిపిస్తాయి. నగరాన్ని ఆనుకుని ఉన్న సింహాచలం, యారాడ, కంబాలకొండ గుట్టలలో ముళ్లపొదల అడవి మిగిలి ఉంది. కంబాలకొండను 2002లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు.

చరిత్ర

ఉత్తర సర్కారుల మొక్కలకు స్థానిక తెలుగు పేర్లను, వాడుకలను శాస్త్రీయంగా నమోదు చేసిన తొలి వారిలో స్కాట్లాండుకు చెందిన విలియం రాక్స్‌బరో ముఖ్యుడు. ఆయన 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లేముందు సామర్లకోటలో పనిచేశాడు. కోరమండల్ తీరపు మొక్కలపై ఆయన సచిత్ర గ్రంథం 1795 నుంచి 1820 వరకు సంపుటాలుగా వెలువడింది. ఉప్పునేలల్లో పెరిగే ఇలకూర 1791–93 కరువులో ఎందరో ప్రాణాలు నిలిపిందని స్థానికులు చెప్పుకున్న విషయాన్ని ఆయన రాశాడు. చిట్టీత మాను లోపలి పిండిపదార్థం కరువులో తిండిగా పనికివచ్చిన సంగతినీ నమోదు చేశాడు. బతికుంటే బలుసాకు తినవచ్చన్న సామెత కూడా పొదల ఆకుతో కడుపు నింపుకున్న గడ్డు కాలాలను సూచిస్తుంది.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవులను రిజర్వు చేసి, పోడు సాగుపైన, అటవీ ఫలసాయ సేకరణపైన ఆంక్షలు విధించింది. మన్యంలో పేరుకున్న అసంతృప్తికి ఈ ఆంక్షలు ఒక ముఖ్య కారణం. 1922–24 మధ్య అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో జరిగిన మన్యం పోరాటం ఆ నేపథ్యంలో వచ్చింది. గోదావరి కొండల్లోని కొండరెడ్ల జీవనంపై క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథం దుంపలు, జీలుగు చెట్టు వారి ఆహారంలో వహించే పాత్రను వివరించింది.

తీరంలో మార్పు వేరే తీరుగా వచ్చింది. విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైంది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేయగా, 1992లో దానిని జాతికి అంకితం చేశారు. ఓడరేవు, కర్మాగారం, వాటి అనుబంధ పరిశ్రమలు, కాలనీల కోసం సేకరించిన భూముల్లో పొలాలతోపాటు పిల్లలు ఏరుకుని తినే బంజరులు, గట్లు, తోపులు కూడా ఉన్నాయి.

మొక్కల వర్గాలు

పండ్లు. పిల్లలు ముందుగా నేర్చుకునేవి ఇవే. పొదల్లో రేగు, పరికి, కలివి, వాక, బలుసు. చెట్లలో నేరేడు, తునికి, మొర్రి, పాల, ఈత, ఉసిరి, వెలగ, మేడి ప్రధానమైనవి. తునికి (డయోస్పైరాస్ మెలనోజైలాన్) ఆకు బీడీలకు పోతుంది. పసుపురంగు పండు పిల్లల తిండి. మొర్రి (బుకనానియా లాంజాన్) పండు గుజ్జు తిన్నాక టెంక పగలగొడితే సారపప్పు వస్తుంది. సీమచింత, సీతాఫలం, నాగజెముడు అమెరికా ఖండాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. నాగజెముడు పండు మీది సన్నని నూగుముళ్లను నేలకు రుద్ది తీసేయడం కూడా ఈ పరిజ్ఞానంలో భాగమే.

ఆకుకూరలు, చిగుళ్లు. పొన్నగంటి, పాయలకూర, చెంచలి, గలిజేరు, తుమ్మి, చిలకతోటకూర పొలాల్లో, గట్ల మీద దొరుకుతాయి. వేసవిలో చింతచిగురు, వానాకాలంలో తగిరిస లేతాకు, మన్యంలో వెదురు కొమ్ములు కూరకు వస్తాయి. పుల్లగా ఉండే పులిచింత ఆకును పిల్లలు పచ్చిగానే నములుతారు.

కాయలు. కంచెల మీద పాకే ఆగాకర, కాకిదొండ, బుడమకాయ ఈ వర్గంలోనివి. పలుచని తొడుగులో ఉండే బుడ్డబుసర పండును ముగ్గాకే తింటారు.

దుంపలు. అడవి పెండలాలు (డయోస్కోరియా ప్రజాతి) మన్యంలో ముఖ్యమైనవి. తీగ నేలలోకి దిగిన చోటు గుర్తుపెట్టుకుని, ఆకు రాలాక తవ్వుకోలతో తవ్వుతారు. కొన్ని రకాలను కాల్చి తినవచ్చు. డయోస్కోరియా హిస్పిడా వంటి విషపు రకాన్ని సన్నగా తరిగి, ఉడికించి, పారే నీటిలో చాలాసేపు ఉంచితేగాని తినకూడదు. తీర, మైదాన గ్రామాల్లో తాటి టెంకలను పాతిపెట్టి మొలిచాక తీసే తేగలు, టెంక లోపలి బుర్రగుంజు, వేసవిలో ముంజెలు పిల్లలకు ఇష్టమైనవి.

గింజలు, పువ్వులు. అడ్డతీగ (బౌహీనియా వహ్లీ) ఆకు విస్తళ్లకు వాడతారు. కాయ కాల్చితే లోపలి పిక్కలు తినడానికి వస్తాయి. మార్చి, ఏప్రిల్‌లలో రాలే ఇప్పపువ్వు తియ్యగా ఉంటుంది. మామిడి టెంకల జీడిని ఎండబెట్టి, దంచి, నీటిలో నానబెట్టి వగరు పోగొట్టి అంబలి కాస్తారు.

తీరపు మొక్కలు. ఉప్పునేలల్లోని ఇలకూర (సుయేడా ప్రజాతి), వంగరెడ్డికూర తీరగ్రామాల వారికి తెలిసిన ఆకులు. సహజంగానే ఉప్పు ఉండటం వల్ల వీటిని ఉడికించి, నీరు వంచి వండుతారు.

రుతుచక్రం

మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు, సీమచింత, చింతచిగురు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మొర్రి, తునికి, ముంజెలు, మామిడి. మే, జూన్‌లలో ఈత. జూన్, జూలైలలో నేరేడు దొరుకుతాయి. జూలై నుంచి సెప్టెంబరు వరకు వెదురు కొమ్ములు, ఆగాకర, ఆకుకూరలు, పుట్టగొడుగుల కాలం. వానాకాలం చివర సీతాఫలం, కార్తీకం నుంచి ఉసిరి, సంక్రాంతికి రేగు, పరికి, తేగలు వస్తాయి. ఆకులు రాలాక దుంపలు తవ్వుతారు.

పాత ధాన్యం అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని వానాకాలపు నెలల్లో ఆకుకూరలు, కొమ్ములు, నిల్వ చేసిన టెంకలు ఇంటి తిండికి ఆసరా అవుతాయి. వేసవి పండ్లు మాత్రం ఎక్కువగా పిల్లలు బయట తిరుగుతూ తినే చిరుతిండి.

పరిజ్ఞానం అబ్బే తీరు

ఈ పరిజ్ఞానం ప్రధానంగా పనిలో, ఆటలో అబ్బుతుంది. గొడ్లు, మేకలు కాయడం, కట్టెలు ఏరడం, కలుపు తీసే తల్లి వెంట పొలానికి వెళ్లడం, పోడు చేలలో పిట్టలు తోలడం, వాగులో చేపలు పట్టడం ఇందుకు సందర్భాలు. తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ ఆకుకూరలు, దుంపల విషయంలో గురువులు. పండ్ల విషయంలో అన్నలు, అక్కలు, తోటి కాపరుల పాత్ర ఎక్కువ. చెట్టెక్కే పిల్లలు పై కొమ్మల పండ్లు దులిపితే చిన్నవారు కింద ఏరి ఒడిలో, ఆకుదొప్పల్లో పోగుచేస్తారు. దోటితో కొమ్మ వంచడం, ముల్లు తగలకుండా పొదలోకి చెయ్యి పెట్టడం వంటి నేర్పులు చూసి నేర్చుకునేవే.

నేర్చుకోవడంలో ఒక వరుస కనిపిస్తుంది. నడక నేర్చిన పిల్లలు పెద్దవారు చేతికిచ్చింది తింటారు. కొంత ఎదిగాక ఊరి దగ్గరి పండ్లను సొంతంగా పోల్చుకుంటారు. పశువుల వెంట దూరం వెళ్లే వయసులో చెట్ల ఉనికి, పండే అదను తెలుస్తాయి. విషం తీసి వండాల్సిన దుంపల పని పెద్దల పర్యవేక్షణలో ఆ తర్వాతే వస్తుంది. పనుల విభజనను బట్టి ఆడపిల్లలకు ఆకుకూరలు, మగపిల్లలకు చెట్ల పండ్లు ఎక్కువ తెలియడం సాధారణమైనా, ఇది ఊరిని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది.

సేకరణకు మర్యాదలు కూడా ఉన్నాయి. దుంప తవ్వినప్పుడు తీగ మొదలును మళ్లీ మట్టిలో కప్పడం, పచ్చికాయలున్న కొమ్మను విరవకపోవడం అలాంటివి.

విష మొక్కలు, అపాయాలు

తినదగినవాటితో సమానంగా తినకూడనివాటి గుర్తింపు ముఖ్యం. ఆకర్షణీయమైన ఎరుపు, నలుపు గింజల గురివింద, నారింజరంగు పండ్ల ముష్టి, ఉమ్మెత్త, పచ్చగన్నేరు, అడవినాభి ప్రమాదకరమైనవి. కంచెలకు నాటే నేపాళం (జట్రోఫా కర్కస్) గింజలు రుచికి పప్పులా ఉండటంతో పిల్లలు తిని వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలవుతుంటారు. పక్షి లేదా కోతి తిన్న పండు మనిషికి కూడా పనికివస్తుందన్న నమ్మకం సరైనది కాదు.

ఒకదాన్ని చూసి మరొకటి అనుకోవడం వల్ల కూడా అపాయం కలుగుతుంది. తగిరిస (సెన్నా టోరా) లేతాకు కూరకు పనికివస్తుంది. దాని ప్రతి ఆకులో సాధారణంగా మూడు జతల గుండ్రని చిట్టి ఆకులు ఉంటాయి; కాయలు సన్నగా, పొడవుగా, వంపు తిరిగి ఉంటాయి. దానికి బంధువైన కసింద (సెన్నా ఆక్సిడెంటాలిస్) చిట్టి ఆకులు కొనదేలి, నాలుగు నుంచి ఆరు జతలుగా ఉంటాయి; కాయ బల్లపరుపుగా ఉంటుంది. కసింద గింజలు పిల్లల కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తాయి. మన్యానికి సరిహద్దున ఉన్న ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో 2016లో సంభవించిన పిల్లల మరణాలకు మెదడువాపుతోపాటు ఈ మొక్క విషం కూడా కారణమని పరిశీలకులు గుర్తించారు. అపాయం జరిగితే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా, తిన్న మొక్క నమూనాతో సహా బిడ్డను ఆసుపత్రికి చేర్చాలి.

తేమ తగిలి బూజుపట్టిన మామిడి టెంకలు, కొత్తరకం పుట్టగొడుగులు, పురుగుమందు చల్లిన పొలాల్లోని ఆకుకూరలు, పరిశ్రమల వ్యర్థజలాలు పారే చోట పెరిగిన మొక్కలు కూడా హాని చేస్తాయి.

పోషక ప్రాధాన్యం

ఉసిరికాయలో విటమిన్ సి 100 గ్రాములకు వందల మిల్లీగ్రాముల స్థాయిలో ఉంటుంది. ఆకుకూరలు ఇనుము, కాల్షియం, విటమిన్ ఎ పూర్వగామి పదార్థాలను ఇస్తాయి. సారపప్పులో దాదాపు సగం కొవ్వే. ఇప్పపువ్వు చక్కెరలతో, దుంపలు పిండిపదార్థంతో శక్తినిస్తాయి. పాయలకూర, గలిజేరు వంటి వాటిలో ఆక్సలేట్లు ఎక్కువ కనుక ఉడికించి, మితంగా తినడం మంచిది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార సంఘటన పట్టికల్లో అనేక స్థానిక ఆకుకూరలు, పండ్ల విలువలు ఉన్నాయి.

పిల్లలు చెట్టుకిందే తినేసే పండ్లు ఇంటి వంట లెక్కలోకి రావు. తల్లిని అడిగి రాసుకునే ఆహార సర్వేలలో ఈ భాగం తప్పిపోయే అవకాశం ఉంది. పిల్లలనే విడిగా అడగడం ఇందుకు పరిష్కారం.

ఆచారాలు, పండుగలు

మన్యంలో మామిడి వంటి కొత్త ఫలసాయాన్ని దేవతలకు నివేదించాకే తినే ‘కొత్త’ పండుగలు ఉన్నాయి. కాయ ముదిరేవరకు కోత జరగకుండా ఈ కట్టుబాటు కాపాడుతుంది. మైదానంలో భోగినాడు పిల్లల తలమీద రేగుపండ్లు పోస్తారు. కార్తీక వనభోజనాలు ఉసిరిచెట్టు కింద జరుపుతారు. వినాయక చవితికి 21 రకాల పత్రి కోసం పిల్లలు గట్లు, పొదలు గాలిస్తారు. ఆ పత్రిలో తినే రేగుతోపాటు విషపూరితమైన ఉమ్మెత్త, జిల్లేడు కూడా ఉండటంతో పూజ కోసం జరిగే ఈ సేకరణ రెండు రకాల మొక్కల గుర్తింపుకూ అభ్యాసమవుతుంది.

వారపు సంతలు మరొక పాఠశాల. అరకులోయ, పాడేరు, చింతపల్లి సంతల్లో వెదురు కొమ్ములు, దుంపలు, పుట్టగొడుగులు, పండ్లు రాశులుగా కనిపిస్తాయి. 1956లో ఏర్పడి విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థ చింతపండు, కరక్కాయ, తేనె, అడ్డాకు వంటి అటవీ ఫలసాయాన్ని కొనుగోలు చేస్తుంది.

మార్పులు, క్షీణత

పిల్లలు ఏ రుతువులో ఎక్కడ ఉంటారన్న దానిపై ఈ పరిజ్ఞానం ఆధారపడుతుంది. మన్యంలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో ఉండి చదువుతారు. వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చే పిల్లలకు మొర్రి, తునికి, మామిడి పరిచయమవుతాయి. జూన్‌లో బడి తెరిచాక మొదలయ్యే వెదురు కొమ్ములు, ఆకుకూరలు, పుట్టగొడుగుల కాలంలో, ఆ తర్వాత దుంపల కాలంలో వారు ఇంటికి దూరంగా ఉంటారు. కనుక పండ్ల పరిజ్ఞానం కంటే ఆకు, దుంపల పరిజ్ఞానం ముందుగా తగ్గే అవకాశం ఉంది. నేర్పేవారు, మొక్కలు రెండూ ఉన్నప్పటికీ నేర్చుకునే వేళ దొరకకపోవడం ఇక్కడి ప్రత్యేక సమస్య. బడి చదువు, ఆరోగ్య సేవలు పిల్లల హక్కులు కనుక వాటిని తగ్గించడం దీనికి పరిష్కారం కాదు.

పోడు భూములు కాఫీ తోటలుగా మారడం, కలుపు మందుల వాడకం, లంటానా పొదల వ్యాప్తి, క్వారీలు, రహదారులు, పరిశ్రమల విస్తరణ మొక్కల ఆవాసాలను మారుస్తున్నాయి. ప్యాకెట్లలో అమ్మే చిరుతిళ్లు గూడేలకు కూడా చేరాయి. అడవి తిండిని పేదరికానికి గుర్తుగా చూడటం వల్ల పిల్లలు తమకు తెలిసినదాన్ని బయట చెప్పుకోవడానికి సంకోచిస్తారు.

ఈ పరిజ్ఞానం నగరంలో పూర్తిగా లోపించలేదు. కాలనీల పిల్లలు వీధి పక్కన రాలిన బాదంకాయలను పగలగొట్టి పప్పు తినడం, నేరేడు, సీమచింత దులపడం కొత్త పరిస్థితుల్లో దాని కొనసాగింపు. పండ్లు, ఆకులు సంతల నుంచి నగరానికి చేరినా, వాటి ఉనికి, అదను తెలియజేసే భాగం వాటితో రాదు.

చట్టాలు, విద్య

2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాన్ని సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కును గుర్తించింది. దుంపలు, వేర్లు, తేనె, వెదురు ఇందులోకి వస్తాయి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద గ్రామస్థాయిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు తయారుచేస్తారు. పిల్లలకు తెలిసిన మొక్కలను, వారు వాడే పేర్లను కూడా నమోదు చేస్తే అవి సమగ్రమవుతాయి.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి చదువును పిల్లల స్థానిక అనుభవంతో ముడిపెట్టాలని సూచించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన మాతృభాషాధారిత బహుభాషా విద్యలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర తదితర ఎనిమిది భాషలకు చోటు లభించింది. మొక్కల పేర్లు తల్లిభాషలోనే ఉంటాయి కనుక ఈ విధానానికి తిండిమొక్కల పరిజ్ఞానంతో నేరుగా సంబంధం ఉంది. వానాకాలంలో గ్రామ పెద్దలతో క్షేత్ర సందర్శనలు, బడితోటలో స్థానిక ఆకుకూరల పెంపకం వసతి గృహాల వల్ల ఏర్పడే లోటును కొంత పూరించగలవు.

అధ్యయన పద్ధతులు

పరిశోధకులు సాధారణంగా మూడు పద్ధతులు వాడతారు. తెలిసిన మొక్కల పేర్లన్నీ చెప్పమని అడిగి జాబితా రాసుకోవడం ఒకటి. కోసి తెచ్చిన నమూనాలు లేదా చిత్రాలు చూపి గుర్తించమనడం రెండవది. పిల్లల వెంట నడుస్తూ చూపించిన మొక్కలను నమోదు చేయడం మూడవది. పేరు తెలియడం, మొక్కను గుర్తించడం, దాన్ని తిండిగా సిద్ధం చేయగలగడం వేర్వేరు నైపుణ్యాలు. ఒక్క పద్ధతితో మూడింటినీ కొలవలేం. గలిజేరు వంటి పేరు ఒకటికంటే ఎక్కువ మొక్కలకు వాడుకలో ఉంది కనుక నమూనాను వృక్షసంగ్రహాలయంలో భద్రపరచి శాస్త్రీయనామం నిర్ధారించాలి. పిల్లల, తల్లిదండ్రుల, గ్రామసభ సమ్మతి తప్పనిసరి.

ఇతర ప్రాంతాలతో పోలిక

కేరళలోని వయనాడ్‌లో గిసెల్లా క్రూజ్ గార్సియా జరిపిన అధ్యయనం 2006లో వెలువడింది. అడవి తిండిమొక్కల విషయంలో తల్లులకు, పిల్లలకు మధ్య ఉన్న బంధాన్ని, గిరిజనులలోనూ ఇతరులలోనూ ఆ మొక్కలకు ఇచ్చే విలువను అది పరిశీలించింది. ఈశాన్య థాయిలాండు గ్రామంలో పిల్లల అడవి తిండి పరిజ్ఞానంపై సెటలఫ్రుక్, ప్రైస్‌ల అధ్యయనం 2007లో వచ్చింది. మెక్సికోలో జపోటెక్ పిల్లలు చిన్న వయసులోనే మొక్కల పేర్లలో గొప్ప నేర్పు సాధిస్తారని యూజీన్ హన్ 2002లో చూపాడు. అదే దేశంలోని ట్సెల్టాల్ మాయా పిల్లలపై జార్గర్, స్టెప్ 2004లో ప్రచురించిన పరిశీలన, సుమారు మూడు దశాబ్దాల నాటి సమాచారంతో పోల్చి చూసినప్పుడు మొక్కల పేర్లు చెప్పగల శక్తిలో పెద్ద క్షీణత లేదని తేల్చింది. సామాజిక మార్పు వచ్చిన ప్రతిచోటా ఈ పరిజ్ఞానం నశిస్తుందని ముందుగానే తీర్మానించకూడదని, ప్రతి ప్రాంతాన్నీ విడిగా పరిశీలించాలని ఈ ఫలితాలు సూచిస్తాయి. పిల్లలు ఇంటి దగ్గర, మొక్కల మధ్య గడిపే కాలం ఎంత, అది ఏ రుతువులో అన్న ప్రశ్నలు ఉత్తరాంధ్రలో అలాంటి పరిశీలనకు ప్రారంభ బిందువు కాగలవు.

ఇవి కూడా చూడండి: అటవీ హక్కుల చట్టం, కరువు ఆహారాలు, తూర్పు కనుమలు, పోడు వ్యవసాయం, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్, మానవ వృక్షశాస్త్రం, విష మొక్కలు.